లంక భూములు: మన చేతిలో ఉన్న అమానతు





మన మస్జిదుల్లో నమాజు గురించి, రోజా గురించి, జకాత్ గురించి తరచుగా వింటాం. భూమి గురించి వినేది తక్కువ. గట్టు తగాదా వస్తే సర్వేయరు దగ్గరకు పోతాం, అమ్మకం వస్తే రిజిస్ట్రారు ఆఫీసుకు పోతాం. ఆ వ్యవహారంలో హలాల్ ఏది, హరామ్ ఏది అని ఉలమాను అడిగేవారు అరుదు. నేలకు, దీనుకు సంబంధం లేదని మనకు తెలియకుండానే నమ్ముతున్నాం. దివ్య ఖుర్‌ఆన్ అలా చెప్పలేదు. పెత్తనం చేతికి రాగానే భూమిలో కల్లోలం రేపి, పైరును, పశుసంతతిని నాశనం చేయడానికి పాటుపడే మనిషి గురించి బఖరా సూరాలో 205వ ఆయతు హెచ్చరిస్తుంది. అల్లాహ్ కల్లోలాన్ని ఇష్టపడడని కూడా అక్కడే తెలియజేస్తుంది. అంటే పైరు నాశనం కావడం, పశువుకు మేత లేకుండా పోవడం రైతు ఒక్కడి సమస్య కాదు. అది అల్లాహ్ దగ్గర జవాబు చెప్పుకోవలసిన విషయం.

ఈ వెలుగులో మన పక్కనే ఉన్న ఒక విషయం గురించి ఆలోచిద్దాం. అది కృష్ణానదిలోని లంక భూముల విషయం.

నది ఇచ్చిన నేల

గుంటూరు, ప్రకాశం అనగానే అందరికీ పత్తి, మిరప గుర్తుకొస్తాయి. నల్లరేగడిలో పత్తి వేసిన రైతు ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటాడు. మిరప కోసిన రైతు గుంటూరు యార్డులో ధర కోసం ఎదురు చూస్తాడు. పత్తి ఏకి బతికిన నూర్‌బాషా కుటుంబాలు, యార్డులో బస్తాలు మోసే హమాలీలు, కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే మన అక్కచెల్లెళ్ళు అందరూ ఆ పంటల మీద ఆధారపడినవారే.

ఆ మెట్ట నేలలకు అంచున మరో రకం నేల ఉంది. కృష్ణానది వరదల్లో తెచ్చిన ఒండ్రు ఏళ్ళ తరబడి మేట వేసి ఏర్పడిన దిబ్బలు, దీవులు. వాటినే లంకలు అంటాం. ప్రకాశం బ్యారేజీకి ఎగువన రాయపూడి, ఉద్దండరాయునిపాలెం, వెంకటపాలెం ఊళ్ళ ఎదుట ఉన్నాయి. దిగువన కొల్లిపర, కొల్లూరు, రేపల్లె వైపు ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించిన తరువాత కొల్లూరు, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. జిల్లా పేరు మారినా నది ఒకటే, లంక ఒకటే.

అరటి, పసుపు, కంద, తమలపాకు, జామ, కూరగాయలు ఈ నేలల్లో పండుతాయి. వాన లేని సంవత్సరం మెట్టలో పని దొరకని కూలీకి లంకలో పని దొరుకుతుంది. ఎండాకాలం గేదెకు, మేకకు పచ్చగడ్డి లంకలో దొరుకుతుంది. ఈ భూముల్లో చాలా భాగం దళితులకు, నిరుపేదలకు ప్రభుత్వం అసైన్ చేసినవి, లేదా కౌలుకు ఇచ్చినవి. ఇవి పెద్ద కమతాలు కావు. అర ఎకరం, ఎకరం చేసుకుని బతికేవారే ఎక్కువ.

ఈ నేల మీద ఎన్నో కళ్ళు పడ్డాయి

2014లో రాష్ట్ర విభజన జరిగింది. కొత్త రాజధాని కృష్ణా తీరాన వస్తుందన్నారు. 2015 జనవరి నుంచి ల్యాండ్ పూలింగ్ పేరుతో 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా రైతుల నుంచి తీసుకున్నారు. నది ఒడ్డున నీరు పుష్కలంగా ఉన్న జరీబు భూమికి ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. మెట్ట భూమికి 1,000 గజాలు, 250 గజాలు అన్నారు. చాలామంది రైతులు ఇష్టపూర్వకంగానే ఇచ్చారు. ఇష్టంతో ఇచ్చినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ తరువాత ప్రభుత్వాలు మారి, నిర్ణయాలు మారి, ఇచ్చిన ఆ రైతులే ఏళ్ళ తరబడి రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది. ఉండవల్లి, పెనుమాకలో ఇవ్వడానికి ఇష్టపడనివారు కోర్టుకు వెళ్ళారు.

మరి లంకల్లో అసైన్డు భూమి చేసుకునేవారి సంగతి? పట్టా భూమితో సమానమైన వాటా వారికి మొదట్లో దక్కలేదు. వారి భూములను తరగతులుగా విడదీస్తూ 2016 ఫిబ్రవరిలో 41వ నంబరు జీవో వచ్చింది. ఆ లెక్కలు తరువాత పలుమార్లు మారాయి. భూమికి ఏమీ రాదేమోనన్న భయంతో కొందరు ముందే చవకగా అమ్ముకున్నారన్న ఆరోపణలు వచ్చాయి. అవి కేసుల దాకా వెళ్ళాయి. తప్పు ఎవరిదో తేల్చవలసింది న్యాయస్థానాలు. కానీ పేదవాడికి సమాచారం ఆలస్యంగా చేరడం, పెద్దవాడికి ముందే తెలియడం ఎంత ప్రమాదమో మనం తెలుసుకోవాలి.

ఇది రాజధానికే పరిమితమైన కథ కాదు. 2008లో వాడరేవు, నిజాంపట్నం తీరంలో ఓడరేవు, పారిశ్రామిక కారిడార్ కడతామంటూ వాన్‌పిక్ పథకం వచ్చింది. గుంటూరు, ప్రకాశం తీరంలో వేల ఎకరాలు సేకరించారు. 2012 నాటికి అది సీబీఐ కేసులో చిక్కుకుంది. చెప్పిన ఓడరేవు రాలేదు. ఆ పథకంలో భాగస్వామి ఎవరో తెలుసా? గల్ఫ్‌లోని రస్ అల్ ఖైమా ఎమిరేటు. పెట్టుబడి ముస్లిం దేశం నుంచి వచ్చినంత మాత్రాన పేదవాడి పొలం తీసుకోవడం హలాల్ అయిపోదు. న్యాయం విషయంలో సాక్ష్యం మన మీదికి వచ్చినా, మన తల్లిదండ్రుల మీదికి వచ్చినా నిలబడాలని నిసా సూరా 135వ ఆయతు మనల్ని ఆదేశిస్తున్నది.

షరీఅత్ ఏమంటుంది?

నదిలో లేచిన దీవి గురించి ఇస్లామీ ధర్మశాస్త్రంలో ఏముంటుందని కొందరు ఆశ్చర్యపడవచ్చు. ఉంది. వివరంగా ఉంది.

హిజ్రీ రెండో శతాబ్దంలో బాగ్దాద్ నగరం టైగ్రిస్ నది ఒడ్డున ఉండేది. ఖలీఫా హారూన్ రషీద్ కోరిక మీద ఇమామ్ అబూ హనీఫా (ర) శిష్యుడు, ప్రధాన ఖాజీ అయిన ఇమామ్ అబూ యూసుఫ్ (ర) ‘కితాబుల్ ఖరాజ్’ అనే గ్రంథం రాశారు. అందులో టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల్లో నీరు తగ్గి బయటపడే దీవుల గురించి ప్రత్యేకంగా చర్చించారు. నగరం ఎదుట లేచిన దీవికి గట్లు కట్టి, దానిని ఆక్రమిస్తే ఒడ్డున ఉన్న ఇళ్ళకు, వాకిళ్ళకు నష్టం జరుగుతుంది గనుక అలా చేయడానికి ఎవరికీ హక్కు లేదన్నారు. పాలకుడు సైతం అటువంటి దీవిని ఎవరికీ ధారాదత్తం చేయడం తగదన్నారు. ఊరికి దూరంగా, ఎవరికీ నష్టం లేని చోట మాత్రం పాలకుని అనుమతితో సాగు చేసుకోవచ్చని వేరు చేసి చెప్పారు. ఒక ఖాజీ తన ఖలీఫాకు రాసిన గ్రంథంలో ఇంత సూటిగా రాశాడంటే ఆ ధైర్యాన్ని గమనించండి.

మదర్సాలో ‘హిదాయా’ చదివిన ప్రతి విద్యార్థికి ఇంకో మస్‌అలా గుర్తుంటుంది. నది తన దారి మార్చుకుని వదిలిన నేలలోకి నీరు తిరిగి వచ్చే అవకాశం ఉంటే, ఆ నేలను ఎవరూ బంజరు భూమిలా సొంతం చేసుకోకూడదు. కారణం? అది నదిగా ఉండడం ప్రజలందరికీ అవసరం. నీరు తిరిగి రాదని తేలితేనే అది మామూలు బంజరు నేల కింద లెక్క.

ఈ రెండు మాటల సారం ఒక్కటే. నదికి తన చోటు కావాలి. ఆ చోటులో ఒకడు లాభం చూసుకుంటే పదిమంది మునుగుతారు. పంట వేసిన లంక మీదుగా వరద పోతుంది, పంట పోతుంది, మళ్ళీ ఒండ్రు వచ్చి నేల బలపడుతుంది. మట్టి పోసి ఎత్తు చేసి, గోడ కట్టి, కాంక్రీటు పోస్తే వరద ఆగదు. పక్క ఊరి మీదికి తిరుగుతుంది. ఎవరికీ హాని చేయరాదు, హానికి ప్రతిగా హాని తలపెట్టరాదు అనే దైవప్రవక్త (స) సూత్రం ఇక్కడే వర్తిస్తుంది.

ఇక హజ్రత్ ఉమర్ (ర) పాలన చూడండి. ప్రజాధనమైన ఒంటెలు మేయడానికి కొంత పచ్చిక భూమిని ‘హిమా’గా, అంటే రక్షిత భూమిగా ఉంచారు. దానికి కాపలాగా తన సేవకుడు హునయ్‌ను నియమించారు. బుఖారీలో ఉన్న ఈ ఉదంతం మన పాలకులందరూ చదవవలసినది. కొద్దిపాటి ఒంటెలు, కొద్దిపాటి గొర్రెలు ఉన్న పేదలను లోపలికి రానివ్వమన్నారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ (ర) వంటి సంపన్నుల మందల విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండమన్నారు. వాళ్ళ పశువులు చచ్చినా వాళ్ళకు తోటలున్నాయి, పొలాలున్నాయి. పేదవాడి పశువు చస్తే అతడు పిల్లలను వెంటబెట్టుకుని నా ముందు నిలబడతాడు అని కారణం చెప్పారు. పీడితుని మొరకు భయపడమని హెచ్చరించారు. ఆ ఇద్దరూ స్వర్గ శుభవార్త పొందిన గొప్ప సహాబాలు. వారి ముందు కూడా పేదవాడి గొర్రెకే మొదటి హక్కు ఇచ్చారు. ఈరోజు మనం చేస్తున్నది దానికి తలకిందులు. రిసార్టు కట్టేవాడికి తలుపు తెరుస్తున్నాం, మేక తోలుకొచ్చినవాడిని తరుముతున్నాం.

జానెడు నేల అన్యాయంగా ఆక్రమించినవాని మెడలో ప్రళయదినాన ఏడు భూముల భారం వేయబడుతుందన్న హదీసు మీలో చాలామంది విన్నదే. ఆ హదీసులో ఆక్రమించినవాడు ముస్లిమా కాదా అని లేదు. నేల ఎవరిది, హిందువుదా, క్రైస్తవుడిదా, దళితుడిదా అని కూడా లేదు.

పడవకు రంధ్రం

దైవప్రవక్త (స) ఒక ఉపమానం చెప్పారు. ఒక పడవలో కొందరికి పై అంతస్తు, కొందరికి కింది అంతస్తు వచ్చింది. కిందివారు నీళ్ళ కోసం మాటిమాటికీ పైకి ఎక్కవలసి వచ్చేది. పైవారిని ఇబ్బంది పెట్టడమెందుకు, మా భాగంలోనే ఒక రంధ్రం చేసుకుంటాం అనుకున్నారు. వారిని వారి మానాన వదిలేస్తే అందరూ మునుగుతారు. చెయ్యి పట్టుకుని ఆపితే అందరూ బతుకుతారు.

నది ఒడ్డున ఉండేవారికి ఈ ఉపమానం విడమరచి చెప్పనక్కరలేదు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఇలాంటిది మళ్ళీ రాదనుకున్నారు. పదిహేనేళ్ళకే, 2024 సెప్టెంబరు మొదట్లో, మళ్ళీ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. దిగువ లంక గ్రామాలు నీళ్ళలో చిక్కుకున్నాయి. అరటి, పసుపు, కంద మునిగిపోయాయి. నా స్థలంలో నేను కట్టుకుంటాను, నీకేమిటి అనేవాడి మాట పడవలో రంధ్రం చేసేవాడి మాటే.

న్యాయస్థానాలు కూడా ఇదే చెప్పాయి. 2017 నవంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ రాజధాని కేసులో నిర్మాణాన్ని ఆపలేదు. కానీ నది సహజ ప్రవాహాన్ని, వరద మైదానాన్ని మార్చరాదని షరతులు పెట్టింది. కృష్ణానదిలో అక్రమ ఇసుక తవ్వకాలను అడ్డుకోలేదంటూ 2019 ఏప్రిల్‌లో 100 కోట్ల రూపాయలు జమ చేయమని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఇసుక తవ్వితే లంక అంచు కోసుకుపోతుంది. ఒక్కో వరదకు కొంత పొలం నదిలో కలుస్తుంది. దొంగిలించినది ఇసుకే కావచ్చు, పోయేది మాత్రం పేదవాడి ఎకరం.

మూడు సందేహాలు

ఈ మాటలు చెప్పినప్పుడు మనవారు మూడు సందేహాలు వెలిబుచ్చుతుంటారు.

మొదటిది: ‘లంక మనది కాదు కదా, మనకెందుకు?’ మక్కాలో ప్రవక్త పదవి లభించక ముందు జరిగిన ఒక సంఘటన దీనికి జవాబు. యమన్ నుంచి సరుకు తెచ్చిన ఒక వర్తకుడికి మక్కా పెద్దమనిషి ఒకడు డబ్బు ఎగ్గొట్టాడు. పరదేశి మొర ఎవరూ వినలేదు. అప్పుడు కొన్ని తెగల పెద్దలు అబ్దుల్లాహ్ బిన్ జుద్‌ఆన్ ఇంట సమావేశమై, పీడితుడు ఎవరైనా సరే అతని హక్కు అతనికి ఇప్పించేవరకు కలిసి నిలబడతామని ప్రమాణం చేశారు. అదే హిల్ఫుల్ ఫుజూల్. యువకుడైన ముహమ్మద్ (స) అందులో ఉన్నారు. ప్రవక్త అయిన తరువాత కూడా, అటువంటి ఒప్పందానికి ఇప్పుడు పిలిచినా వస్తానన్నారు. ఆ ఒప్పందం చేసుకున్నవారు ముస్లిములు కారు. రక్షణ పొందినవాడూ ముస్లిం కాడు. ఇంతకంటే పెద్ద ఆధారం మనకు ఏం కావాలి? లంకలోని దళిత సోదరుడి పక్కన మనం నిలబడటం రాజకీయం కాదు, సున్నత్.

రెండోది: ‘అభివృద్ధి వస్తే ఉద్యోగాలు వస్తాయి కదా.’ ఇస్లాం రోడ్డుకు, కార్ఖానాకు శత్రువు కాదు. నగరం ఎక్కడో ఒకచోట కట్టవలసిందే. ప్రశ్న వేరు. ఎవరి నేల మీద? ఎవరి అంగీకారంతో? నది దారిలోనా, పక్కనా? వచ్చే ఉద్యోగాన్ని లెక్కపెట్టేటప్పుడు పోయే ఉద్యోగాన్ని కూడా లెక్కపెట్టాలి. పసుపు తవ్వే ఆమె, కంద మోసే అతను, గడ్డి కోసి అమ్ముకునే ముసలామె ఏ పద్దులోనూ ఉండరు. రాజధాని గ్రామాల్లో భూమి లేని కుటుంబాలకు మొదట నెలకు 2,500 రూపాయల పింఛను ప్రకటించారు. ఏడాది పొడవునా పని దొరికే ఇంటికి ఆ మొత్తం దేనికి చాలుతుంది?

మూడోది: ‘పెద్దవాళ్ళతో మనం తూగగలమా?’ ఫలితం మన చేతిలో లేదు, ప్రయత్నం మన చేతిలో ఉంది. చేతిలో మొక్క ఉండగా ప్రళయం వచ్చినా, వీలైతే దానిని నాటమన్నారు దైవప్రవక్త (స). మొక్క బతుకుతుందా అని ఆయన లెక్క వేయమనలేదు.

మనం చేయవలసినది

సోదరులారా! ఆవేశం ఒక్కరోజు ఉంటుంది. పని ఏళ్ళ తరబడి చేయాలి. అందుకే కొన్ని విషయాలు విడిగా చెబుతున్నాను.

ఒకటి, కాగితాలు. అప్పు వ్యవహారం కూడా రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఖుర్‌ఆన్‌లోని అత్యంత పొడవైన ఆయతు ఆదేశిస్తుంది. డి-పట్టా, పాస్‌బుక్, అడంగల్, కౌలు రసీదు ఏవి ఉంటే అవి నకళ్ళు తీసి వేరువేరు చోట్ల భద్రపరచండి. వరదలో కొట్టుకుపోయేవాటిలో కాగితాలు మొదటివి. కౌలుదారులు 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల ఒప్పందం రాయించుకుని కార్డు అడగాలి. కాగితం విలువ ఏమిటో హైదరాబాదు పక్కన మణికొండ దర్గా భూమి మనకు నేర్పింది. 1989 గెజిట్‌లో 5,506 చదరపు గజాలే వక్ఫ్‌గా నమోదైంది. 1,654 ఎకరాలు చేరుస్తూ సవరణ ప్రకటన 2006లో గాని రాలేదు. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సవరణను అంగీకరించలేదు. ఆ పాటికే అక్కడ పెద్ద పెద్ద భవనాలు లేచాయి.

రెండు, తొందరపడి సంతకం చేయవద్దు. ఉమ్మడి ఆస్తిని భాగస్వామికి చెప్పకుండా అమ్మరాదని దైవప్రవక్త (స) వారించారు. పక్కవాడికి ముందు అవకాశం ఇవ్వడాన్ని ‘షుఫా’ అంటారు. హనఫీ ఫిఖహ్‌లో పొరుగువాడికి కూడా ఈ హక్కు ఉంది. లంక మధ్యలో ఒక్క ఎకరం బయటివాడి చేతిలోకి పోతే, దారి పోతుంది, మోటారు పోతుంది, చివరకు చుట్టూ ఉన్నవారందరూ అమ్ముకోవలసి వస్తుంది. అమ్మక తప్పని పరిస్థితి వస్తే ముందు పక్క రైతుకు చెప్పండి. అసైన్డు భూముల విషయంలో 1977 చట్టం అమ్మకాన్ని నిషేధించింది, 2023లో దానిని సవరించారు. మీ భూమి ఏ కోవలోకి వస్తుందో తెలిసినవారిని అడగకుండా వేలిముద్ర వేయవద్దు.

మూడు, గ్రామసభకు వెళ్ళండి. ఇంటి ఆడవారిని కూడా తీసుకెళ్ళండి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీల కోసం భూమి తీసుకోవాలంటే 80 శాతం మంది, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం మంది అంగీకారం కావాలి. అసైన్డు భూమి పొందిన కుటుంబాలను, మూడేళ్ళుగా ఆ నేల మీద బతుకుతున్న కౌలుదారులను, కూలీలను కూడా ఆ చట్టం బాధిత కుటుంబాలుగా గుర్తిస్తుంది. 2018లో మన రాష్ట్రం చేసిన సవరణ కొన్ని రకాల పథకాలకు మినహాయింపులు ఇచ్చింది. కాబట్టి ఏ చట్టం కింద నోటీసు వచ్చిందో ముందు చూడండి. అర్థం కాకపోతే సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి.

నాలుగు, అబద్ధం వద్దు, దౌర్జన్యం వద్దు. 2014 డిసెంబరు చివర్లో రాజధాని ప్రాంతంలోని కొన్ని ఊళ్ళ పొలాల్లో వెదురు బొంగులు, డ్రిప్ గొట్టాలు తగలబడ్డాయి. వెంటనే ఒకరి మీద ఒకరు నిందలు వేసుకున్నారు. రుజువు లేకుండా పేరు పెట్టడం పాపం. పుకారు మోయడం కూడా పాపమే. అలాగే భూమిని కాపాడాలన్న పేరుతో రాత్రికి రాత్రి లంకలో జెండా పాతి, లేని దర్గాను, లేని వక్ఫ్‌ను పుట్టించకండి. మదీనాలో మస్జిదె నబవీ స్థలం ఇద్దరు అనాథ బాలురది. వారు ఉచితంగా ఇస్తామన్నా దైవప్రవక్త (స) ఒప్పుకోలేదు, వెల కట్టి కొన్నారు. ఆక్రమించిన నేల మీద నమాజు చేస్తే అది మక్రూహె తహ్రీమీ అని ఫుఖహా చెప్పారు. అబద్ధంతో కాపాడిన భూమికి బర్కత్ ఉండదు.

ఐదు, పేదవాడు భూమి ఎందుకు అమ్ముతున్నాడో చూడండి. ఆసుపత్రి ఖర్చు, అమ్మాయి పెళ్ళి, వడ్డీ అప్పు. బ్రోకరు ఇంటికి వచ్చేది ఆ రోజే. ఆ రోజు కంటే ముందు మనం వెళ్ళాలి. మస్జిద్ కమిటీలు బైతుల్‌మాల్ నుంచి ఖర్జె హసనా, అంటే వడ్డీ లేని అప్పు ఇచ్చే ఏర్పాటు చేయాలి. అప్పుల్లో మునిగిన ముస్లిముకు జకాత్ ఇవ్వవచ్చని తౌబా సూరాలో ఉంది. ముస్లిమేతర పొరుగువారికి జకాత్ కాకుండా నఫిల్ సదఖాతో సాయపడవచ్చు. జల్సాకు, పెళ్ళి మండపానికి పెట్టే ఖర్చులో కొంత తగ్గించినా ఒక ఎకరం నిలబడుతుంది.

మనలోని మధ్యవర్తులకు ఒక మాట

ఇప్పుడు చెప్పబోయేది చేదుగా ఉంటుంది. భూమి వ్యాపారం చేసేవారిలో మన యువకులు కూడా ఉన్నారు. జుమాకు మొదటి సఫ్‌లో నిలబడేవారూ ఉన్నారు. ఆ వృత్తి హరామ్ కాదు. నిజాయితీగా ఇద్దరి మధ్య బేరం కుదిర్చి, ముందే మాట్లాడుకున్న కమీషను తీసుకోవడం హలాలే.

అయితే దైవప్రవక్త (స) ఒక వ్యాపారాన్ని ఖచ్చితంగా నిషేధించారు. పల్లె నుంచి సరుకుతో వచ్చేవారు బజారుకు చేరకముందే ఎదురు వెళ్ళి, వారికి ధర తెలియకముందే కొనడం. అలా కొంటే, అమ్మినవాడు బజారుకు వచ్చి ధర తెలుసుకున్నాక బేరం రద్దు చేసుకునే హక్కు కూడా ఇచ్చారు. మిర్చి బండిని యార్డుకు చేరకముందే దారిలో ఆపి కొంటే రైతు ఎలా నష్టపోతాడో మీకు తెలుసు. జీవో వస్తుందని తెలిసి, తెలియని పేదవాడి దగ్గరకు ముందే వెళ్ళి, ‘నీ భూమికి ఏమీ రాదు, ఇచ్చింది తీసుకో’ అనడం అదే వ్యాపారం. రూపం మారింది, హుకుం మారలేదు. భయపెట్టి తీసుకున్న సంతకం ఇష్టపూర్వకమైన అమ్మకం కాదు. ఆ కమీషనుతో హజ్‌కు వెళ్ళినా, ఆ పేదవాడి మొర ముందుగా అర్ష్‌కు చేరుతుంది.

సోదరుడు దౌర్జన్యానికి గురైనా, దౌర్జన్యం చేసినా అతనికి సాయపడమని దైవప్రవక్త (స) అన్నారు. దౌర్జన్యం చేసేవానికి సాయమేమిటని సహాబాలు అడిగారు. అతని చేతిని ఆపడమే అతనికి సాయం అని వివరించారు. మన మొహల్లాలో అటువంటివాడు ఉంటే అతన్ని పదిమందిలో అవమానించకండి. ఇంటికి వెళ్ళి, కూర్చోబెట్టి, ప్రేమగా చెప్పండి. అతన్ని నరకం నుంచి కాపాడటం కూడా ఈ పనిలో భాగమే.

తోట యజమానుల కథ

ఖలమ్ సూరాలో ఒక తోట కథ ఉంది. యజమానులు రాత్రి ప్రమాణం చేసుకున్నారు. తెల్లవారకముందే వెళ్ళి పంట కోసుకోవాలి, ఈరోజు ఒక్క పేదవాడు కూడా లోపలికి రాకూడదు అని. గుసగుసలాడుకుంటూ వెళ్ళారు. వెళ్ళి చూస్తే తోట లేదు. రాత్రి వారు నిద్రపోతుండగానే ఆపద వచ్చి దానిని ఊడ్చేసింది. మొదట దారి తప్పామనుకున్నారు. తరువాత తాము నష్టపోయామని గ్రహించారు.

ఆ తోట చుట్టూ వారికి గోడ ఉండే ఉంటుంది, కాగితం ఉండే ఉంటుంది, బలం ఉండే ఉంటుంది. లేనిదల్లా పేదవాడికి వాటా. పేదవాడిని బయట పెట్టి కట్టిన దేనికైనా ఆ రాత్రి రావచ్చు. రాజధానికి రెండో దశ పూలింగ్ మాట వినిపిస్తున్న ఈ రోజుల్లో పాలకులు, వ్యాపారులు, మనం అందరం ఆ కథను మళ్ళీ ఒకసారి చదవాలి.

ఓ అల్లాహ్! నీవు ఇచ్చిన నేలను అమానతుగా చూసే బుద్ధిని మాకు ప్రసాదించు. మా చేతుల వల్ల గాని, మా మౌనం వల్ల గాని ఏ పేదవాడి నేల పోకుండా కాపాడు. మా నదిని, మా లంకలను, మా మెట్ట పొలాలను వరద నుంచి, కరువు నుంచి, దురాశ నుంచి రక్షించు. మా పాలకులకు న్యాయం చేసే మనసును, మాకు న్యాయం వైపు నిలబడే ధైర్యాన్ని ఇవ్వు. పొరుగువారితో కలిసి మంచి కోసం నిలిచే భాగ్యం కలిగించు. ఆమీన్.